రసీదు లేని ఖర్చులు

ఎనిమిదివేలు.
పైడిరాజు గారు చేతికే ఇచ్చారు,
పోర్టు యూనియన్ వాళ్ల పాత కవరులో.
పైన ఎవరి పెళ్లికో రాసి కొట్టేసిన పేరు.
"లెక్క రాసుకో బాబూ" అన్నారు.
బాబూ అన్నారు.
ఆ మాటని కవరుతోపాటు లోపలి జేబులో పెట్టుకున్నాను.

డిపార్ట్‌మెంటు నుంచి నా ఫారం అప్పటికే తిరిగొచ్చింది.
"పరిశోధన మంచిదేనమ్మా, కాకపోతే ఆ టాపిక్..."
గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు.
లింగం అన్నచోట రెండే గళ్లు.
పేరు అన్నచోట మాత్రం నాకు ఇబ్బంది లేదు:
అప్పలకొండ.
మా వైపు ఆడపిల్లకీ అదే, మగపిల్లాడికీ అదే.
సింహాద్రి అప్పన్న ఏం ఆలోచించి పెట్టించాడో గాని
పేరు మార్చుకునే ఖర్చు మిగిలింది.

దొండపర్తిలో ఫ్లెక్సీ షాపు. నాలుగడుగులు ఇంటూ మూడు.
నా ముందు ఒక కార్పొరేటర్ పుట్టినరోజు,
నా వెనక ఎవరో ముసలమ్మ పెద్దకర్మ,
మధ్యలో నా పరిశోధన తడిరంగుతో బయటికొచ్చింది:
'దాచుకుని బతికేవాళ్ల నిద్ర: ముప్పై ఎనిమిది మందితో మాటలు.'
షాపు కుర్రాడు పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.
"నిద్రకీ దీనికీ ఏటి సమ్మందం అన్నా?"
చెప్పాను.
ఆ ఇరవై నిమిషాలు ఏ పద్దు కింద రాయాలి?

విశాఖ స్టేషన్లో బండి మొహం మార్చుకుంటుంది.
ముందున్న ఇంజను విప్పి
తోక వైపు ఇంకోటి తగిలిస్తారు.
భువనేశ్వర్ నుంచి ముందుకి చూస్తూ వచ్చినవాళ్లు
ఇక్కణ్నుంచి వెనక్కి చూస్తూ వెళ్తారు.
"ఇదేంటండీ, మళ్లీ వచ్చిన దారినే పోతున్నామా?"
ఎదుటి సీటు పెద్దాయన ఒకటే కంగారు.
పందొమ్మిదేళ్లప్పుడు నేనూ అంతే.
ఇది దారేనని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు.
ఆయనకి నేను చెప్పాను.

రైల్లో బాత్రూం తలుపు మీద ఆడా మగా బొమ్మలుండవు.
ఆ సుఖం టికెట్ ధరలోనే కలిసుంది.

బెంగుళూరు. పోస్టరు నంబరు నూటపన్నెండు,
స్తంభం పక్కన, ఏసీ గాలికి ఎదురుగా.
ఒక ప్రొఫెసర్ చేతులు వెనక్కి కట్టుకుని చదివి
"ముప్పై ఎనిమిదేనా?" అని వెళ్లిపోయారు.
సిల్చార్ నుంచి వచ్చిన అమ్మాయి చాలాసేపు నిలబడింది.
ఏమీ అనలేదు. చివరికి గుండుసూది అడిగింది,
తన పోస్టరు మూల జారిపోతోందట.
సూదులు: డబ్బా ఇరవై అయిదు.

కంచరపాలెంలో, పట్టాల పక్క గదిలో
రసీదులన్నీ చాప మీద పరిచాను.
పైడిరాజు గారు వాటి వైపు చూడలేదు.
"ఎవులైనా నవ్వేరా?"
లేదండి.
"మైకులో పేరు పిలిచేరా?"
పోస్టర్లకి మైకుండదండి. బ్యాడ్జి ఇచ్చారు.
బ్యాడ్జి తీసుకుని బల్బు కింద పట్టుకున్నారు,
చాలాసేపు,
గూడ్సు బండి మొత్తం దాటేదాకా.

"ఎనభైమూడులో మా బావ నన్ను
డాబాగార్డెన్స్ మేడమీది డాట్రు దగ్గరకి లాక్కెళ్లాడు.
కరెంటు పెట్టీసినారు బాబూ, పదకొండు మాట్లు.
ఆ డాట్రు కూడా మీటింగులకి ఎల్లీవోడు.
గోడంతా పొటోలే, దండలేసుకుని.
అక్కడ మైకులో నా గురించి
ఏటి సెప్పీసేడో నాకింతవరకూ తెల్దు."

నా దగ్గర నాలుగొందల పది మిగిలాయి. కవరులో పెట్టిచ్చాను.
విజయనగరం పిల్ల ఒకతి పుణే వెళ్లాలట, ఆమెకన్నారు.
తర్వాత రేకుల కప్పు వైపు చెయ్యి చూపించారు.
"వాన కారతంది. ఆ ఫ్లెక్సీ నీకింకేటి పని?"

స్టూలెక్కాను.
కింద నుంచి ఆయన గొంతు:
"అచ్చరాలు లోపలేపుకి పెట్టు బాబూ.
పడుకుని సదూకుంటాను."