పసుపు గడి

మార్టేరు సెంటర్లో మార్చి నెలాఖరున
పసుపు గీతలు గీశారు.
నాలుగు రోడ్లు కలిసేచోట
నులకమంచం అల్లినట్టు, ఐమూలగా.
పెయింటు ఆరేదాకా కాపలా నాదే.
తెల్లారి చూస్తే ఓ కుక్క అడుగులు మాత్రం
పాలకొల్లు వైపు వెళ్ళిపోయి ఉన్నాయి.

గడిలో ఆగకూడదు. అదీ రూలు.
అవతల చోటుంటేనే ఇవతల్నించి కదలాలి.
ఇది చెప్పడానికి నాకో విజిలూ, ఓ ఫోనూ ఇచ్చారు.
రోజుకి పాతిక ఫొటోలు తగ్గకూడదన్నది
కాగితం మీద లేదు,
ఎస్సైగారి గొంతులో ఉంది.

మొదటి వారం నేనూ తటపటాయించాను.
ముందు కొబ్బరికాయల లారీ మొరాయిస్తే
వెనకాల ఆటో ఏం చేస్తుంది?
లోపల పదకొండుమంది, ఒక మేకపిల్ల.
ఫొటో తీస్తుంటే అందరూ నా వైపే చూశారు,
మేకపిల్లతో సహా.
తర్వాత అలవాటైపోయింది.
నంబరు కనపడితే చాలు.

ఏప్రిల్లో దాళ్వా కోతలు.
మిషను కోసి పోసిన వడ్లు పచ్చివి.
మిల్లు గుమాస్తా గుప్పెట్లోకి తీసుకుని
తేమ ఎక్కువంటాడు, తల తిప్పుకుంటాడు.
కళ్లాలు ఎక్కడున్నాయండీ ఇప్పుడు?
చేపల చెరువులైపోయాయి.
మిగిలింది రోడ్డే.

ఓ పొద్దున్న డ్యూటీకొచ్చేసరికి
గడి నిండా వడ్లు.
గీత దాటకుండా, మూలమూలకీ సర్ది,
కొలిచి పోసినట్టు.
మధ్యలో కాళ్ళతో చాళ్ళు తీస్తూ గెడ్డం ఏసుపాదం,
ఎకరంన్నర కౌలు.

"ఏటిది?" అన్నాను.
"బోర్డు చదివానండి" అన్నాడు.
"ఇందులో ఎవరూ ఆగకూడదని మీరే రాశారు.
బళ్ళు పోతే పోనీండి, తిరగేసినట్టుంటాది.
ఆగితేనే నలుగుతాయండి. ఆయ్."
"మరి నీ వడ్లు ఆగలేదా?"
"ఆగడమేటండి, ఎండుతున్నాయి."

నవ్వొచ్చింది. యూనిఫాంలో ఉన్నాను, మింగేశాను.
ఫోను తీశాను. దేనికి తీయను?
రాశికి నంబరు ప్లేటు లేదు.
హెల్మెట్ పెట్టుకోలేదని రాయనా?

చలానాకి లొంగని బళ్ళు
ఆ రోజు వడ్లకి లొంగాయి.
గడి అంచున ఆగి, అవతల ఖాళీ చూసుకుని,
నిద్రపోతున్న పిల్లని దాటినట్టు దాటాయి.
గణపవరం ఐసు వ్యాను సైతం
నీళ్ళు కారుస్తూ గీత ముందు నిలబడింది.
గింజ తొక్కకూడదని
ఎవరి అమ్మ వాళ్ళకి ఎప్పుడో చెప్పే ఉంటుంది.
నేనేమో సెక్షన్లు చెప్పాను.

నాలుగు గంటలకి నా ఫోనులో మూడే ఫొటోలు.
నాలుగు దాటాక నరసాపురం వైపు మబ్బేసింది.
ఏసుపాదం బరకాన్ని లాగుతున్నాడు,
గాలి ఏసుపాదాన్ని లాగుతోంది.
ముందు ఐసు వ్యాను బాబ్జీ దిగాడు.
తర్వాత ఆటోవాడు, బుల్లెట్ మీది కుర్రాడు,
స్కూలు బస్సు క్లీనరు, ఎవరో పెళ్ళికెళ్తున్న ముగ్గురు.
బళ్ళన్నీ గడిలోనే, ఎటువి అటే.
చేటల్లేవు. హెల్మెట్లతో ఎత్తారు.
నేను టోపీతో ఎత్తాను.
సగం తడిసింది. సగం దక్కింది.

స్తంభం మీద కొత్త కెమెరా
ఆ వారమే బిగించారట, నాకు చెప్పలేదు.
అది వానలోనూ కన్నార్పదు.

పద్నాలుగు చలానాలొచ్చాయి, నా స్కూటీతో కలిపి.
బాబ్జీ ఫోను తెచ్చి చూపించాడు:
వ్యాను, నంబరు, నాలుగూ పదిహేడు.
చక్రం పక్కన మోకాళ్ళ మీద
జుట్టూడిన ఖాకీ మనిషి.
"ఇదెవరండీ?"
"హోంగార్డు" అన్నాను.
అతను అక్కడే కట్టేశాడు. ఆటోవాడు ఇంకా కట్టలేదు.

మూడోనాడు ఏసుపాదం వచ్చాడు.
ఒక్కో చలానా ఎంతని అడిగాడు. చెప్పాను.
వేళ్ళ మీద బస్తాల్లోకి మార్చుకుంటూ
ఎనిమిదో తొమ్మిదో వేలి దగ్గర ఆపేశాడు.
కాసేపు రోడ్డుకేసి చూశాడు.
గీతలు కడిగినట్టున్నాయి,
పైన మబ్బు తునక లేదు.

"రేపు కూడా డ్యూటీ
మీదేనా అండి?"