గుంట గట్టు మీద, రాత్రి మూడింటికి

విడవలూరు అవతల రొయ్యల గుంట.
ఏరియేటర్లు నీళ్లని చితక్కొడతా ఉండాయి,
వాటికంటే గట్టిగా మాట్లాడతా ఉండాడు మీరావలి.

"దక్షిణాన లేచిందే, చూశావా మామా,
మందల కొద్దీ ఉపగ్రహాల్ని మోసకపోతాదంట.
మన ట్రాన్స్‌ఫార్మరు
నాలుగు గుంటల్ని మొయ్యలేదు."

చెంచురామయ్య బీడీ కొస నలిపాడు.
"రాకెట్టుకి ఓట్లు లేవురా, అందుకే పైకి పోతాది.
ట్రాన్స్‌ఫార్మరుకి ఉండాయి,
ఎలక్షన్ దాకా కదలదు."

మీరావలి ఫోను ఎత్తి చూపించాడు.
"దీన్ని అడిగితే చాలు,
రొయ్యకి ఏం రోగమో చెప్తాది."
"మేత బాకీ ఎవురు కడతారో అడుగు."
"అడిగా. ప్రశ్న మళ్లీ రాయమంది."
"ఎమ్మెల్యే దగ్గిర చదువుకున్నట్టుండాదే!"

నేను మీటరు నీళ్లలో ముంచా.
మూడు పాయింట్ ఒకటి.
చెప్పబోతుంటే కరెంటు పోయింది.

ఇంత నిశ్శబ్దం ఈ గట్టు మీద నేనెప్పుడూ వినలా.
టార్చి వేస్తే నీళ్ల అంచున
ఎర్రటి కళ్లు, వందలు,
పైకే చూస్తా.

మాట సగంలో తుంచి ఇద్దరూ పరిగెత్తారు,
ఒకడు డీజిలుకి, ఒకడు హ్యాండిలుకి.
లుంగీ ఊడినా పట్టించుకోలా పెద్దాయన.
మూడో తిప్పుకి జనరేటరు దగ్గింది,
రెక్కలు కదిలాయి, నురగ లేచింది.

చానాసేపు ఎవురూ మాట్లాడలా.

తర్వాత చెంచురామయ్య,
చేతుల గ్రీజు చొక్కాకి తుడుచుకుంటా,
"ఒరే, పైన గాలే లేదంటారు గదా,
అక్కడ నిప్పెట్టా అంటుకుంటాది?"

"ఆక్సిజన్ వెంట తీసకపోతాది మామా."

"మూట కట్టుకునా?"
గుంటవైపు చూశాడు.
"దానికి తెలివుండాది."