సున్నం

మారేడ్‌పల్లి కోర్టులో అప్పట్లో గీతలు సున్నంతో గీసేవాళ్ళు.
తెల్లారకముందే గౌస్ భాయ్
ఎర్రమట్టికి నీళ్ళు కొట్టి, రోలరు లాగి,
రెండు మేకుల మధ్య పురికొస బిగించి
నడుం వంచి వెనక్కి, వెనక్కి నడిచేవాడు.

క్లబ్బులో ఆయన్ని మార్కర్ అనేవాళ్ళు.
పెద్ద సార్లతో ఆడటం ఆయన ఉద్యోగం.
వాళ్ళకి చెమట పట్టించి, ఆఖర్న
ఎవరికీ అనుమానం రాకుండా ఓడిపోయేవాడు.
నాతో మాత్రం ఒక్కనాడూ ఓడిపోలేదు.

నాకు మొదట నేర్పింది ఫోర్‌హ్యాండ్ కాదు,
సర్వీసుకు ముందు స్కోరు చెప్పడం.
"సున్నా, నలభై" అని
నా నోటితో నేనే, ప్రహరీ అవతల
ఇడ్లీ బండి దాకా వినపడాలి.
గొణిగితే బంతి ఇచ్చేవాడు కాదు.
"జోర్ సే బోలో అమ్మా, తుమారాచ్ స్కోర్ హై నా."

తొంభై ఆరు డిసెంబరు. పద్నాలుగేళ్ళ లోపు సెమీఫైనల్.
అంపైరు లేడు. కుర్చీ ఉంది,
దాని మీద ఎవరిదో స్వెట్టరు.
అవతల హనుమకొండ పిల్ల, ప్రసూన.
తెల్లవారుజాము రైల్లో వచ్చింది వాళ్ళమ్మతో.
తీగ తెగితే ఇంకో రాకెట్ లేదు దానికి.
మూడో సెట్టు, నాలుగు-ఐదు, సర్వీసు నాది,
అడ్వాంటేజ్ దానిది.

బ్యాక్‌హ్యాండ్ కొట్టింది.
బంతి మూలకొచ్చి పడింది.
పొగలా లేచింది సున్నం.

వేలెత్తాను. "అవుట్."

"చూశావా?" అంది ఉన్నచోటు నుంచే.
"చూశా."
"సరే" అని తిరిగింది,
జుట్టుకి రబ్బరు బ్యాండు బిగించుకుంటూ.
అంత తేలిగ్గా నన్ను నమ్మిన మనిషి
మళ్ళీ తగల్లేదు నాకు.

బంతి తీశాను. నూగు మీద
వేలెడు తెల్ల మరక.
స్కర్టు జేబులో కుక్కేశాను.
తర్వాతి పాయింట్లు ఎట్లా గెలిచానో గుర్తు లేదు,
గెలిచాను.

గౌస్ భాయ్ మ్యాచ్ చూడలేదనుకున్నా.
నా జేబు చూశాడు.
నీలం గుడ్డ మీద తెల్లగా.
ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం ఫైనల్.
పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్తే
బకెట్టు, కుంచె, పురికొస ఇచ్చాడు.
"లైన్ మారో."

ముప్పై ఆరు అడుగుల బేస్‌లైను.
సున్నం గోళ్ళ సందుల్లో మండింది.
నిల్చుని చూస్తే దారమంత గీత,
మోకాళ్ళ మీద చూస్తే నాలుగంగుళాల బాట.
బంతి పడటానికి ఎంత చోటు!
అదంతా లోపలే.
ఊరందరితో సున్నం పెట్టుకున్నా
ఎట్లాగో నెట్టుకురావచ్చేమో,
నాతో నేనే పెట్టుకున్నాను ఆ పొద్దు.
ఫైనల్లో నాకు రెండే గేములు వచ్చాయి.
చేతుల మంట వల్ల అని ఇంట్లో చెప్పాను.

ఇప్పుడు నలభై రెండు, మోకాలికి పట్టీ.
ఆదివారాలు తార్నాకలో లీగు మ్యాచులు,
సింథటిక్ కోర్టు, కొలను రంగు.
మొన్న టైబ్రేకులో, అదే మూల,
అట్లాంటి బంతే.
"ఇన్" అన్నాను. ఓడిపోయాను.
పుణ్యం చేసినట్టు ఏమీ అనిపించలేదు,
సిగ్నల్ దాకా స్టీరింగుని గుద్దుతూనే ఉన్నాను.

గౌస్ భాయ్ పోయి తొమ్మిదేళ్ళు.
ప్రసూనని వెతకలేదు.
ఫోనులో రెండు నిమిషాల పని,
దొరుకుతుందనే భయం.

ఇక్కడ గీతలు పెయింటు.
బంతికి ఏమీ అంటదు.
అయినా జేబులో వేసేముందు
ఒకసారి తిప్పి చూస్తాను.