గరుకు కాగితం

బాలానగర్ చౌరస్తాలో బస్సు దిగి
కాలిన ఇనుము వాసన వెంట నడిస్తే
మా ఐటీఐ గేటు తగులుతుంది.
చంకలో నా పాత అట్టపెట్టె.
సికింద్రాబాద్‌లో పద్నాలుగేళ్లు
అక్షరాలు తిరగబడే పసివాళ్ల మధ్య తిరిగిన పెట్టె.
గరుకు కాగితంతో కత్తిరించిన అఆలు,
రంగు పూసలు, దారం, ఇసుక పళ్లెం.

ఫిట్టర్ ట్రేడు, ఇరవై ఒక్కమంది.
రాత్రంతా డెలివరీ బండి నడిపి
పొద్దున బెంచీ మీద ఒరిగే వాళ్లు,
మీసం మీద అప్పుడే చెయ్యి వేస్తున్న వాళ్లు.
"మీకేవో టెక్నిక్కులు తెలుసట కదా"
అన్నాడు ప్రిన్సిపాల్,
పంక్చరు వేయమన్నంత తేలిగ్గా.

మొదటిరోజు
ద, ధ, థ మూడూ కొమురెల్లి ముందు పరిచి
వేలితో దిద్దమన్నాను.
వాడు అక్షరాల్ని చూడలేదు, నన్ను చూశాడు.
"మేం అంగన్‌వాడీకి వచ్చినమా మేడం?"
క్లాసంతా నవ్వింది.
వాడు నవ్వలేదు. కిటికీ వైపు తిరిగిపోయాడు.

గుడ్డ మంచిదే, కుట్టూ మంచిదే.
పందొమ్మిదేళ్ల భుజాలకు
ఆరేళ్ల చొక్కా తొడగబోయాను.
ఆ సాయంత్రం బస్సులో పెట్టె
నా ఒళ్లో పరాయిదానిలా కూర్చుంది.

వారం తర్వాత క్లాసు వదిలి
వర్క్‌షాపులో స్టూలేసుకున్నాను.
ముజమ్మిల్ కళ్లు మూసుకుని
ఎమరీ ముక్క మీద బొటనవేలు జరిపాడు.
"ఎనభై."
ఇంకోటి. "నూట ఇరవై."
మూడోది కొమురెల్లి అందుకున్నాడు.
"రెండొందల ఇరవై, కానీ అరిగింది.
దీని పని అయిపోయింది."
నా చేతికిచ్చారు. నాకేదీ తేడా తెలియలేదు,
వేళ్లకు చదువు నేర్పినదాన్నని
ఇన్నేళ్లు చెప్పుకున్నదాన్ని.
మళ్లీ నవ్వారు. ఈసారి నేనూ.

పెట్టె అలాగే అటక మీదికెక్కింది.
పూసలు పోయి వాషర్లొచ్చాయి.
ఇసుక పళ్లెంలో ఇనుప రజను,
వేలికి బదులు స్క్రైబర్ మొన.
రేకు మీద మాట గీస్తారు.
తప్పుపోతే ఎర్రసిరా లేదు,
ఆకురాయి ఉంది.
రుద్దేసి మళ్లీ గీయడమే.

వ్యాసం అంటే కొమురెల్లికి తెలిసింది ఒకటే,
గ్రంథాలయాల గురించి పది వాక్యాలు
రాయనందుకు గోడకుర్చీ.
షాఫ్టుకు అడ్డంగా కాలిపర్ పెట్టి
ఇదీ వ్యాసమే అంటే
ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు.
"డయా అనుండ్రి మేడం! గిది నాకు ఎర్కే."
గ్రంథాలయాల మీద కోపం మాత్రం
అలాగే ఉంచుకున్నాడు.

శివలీల సంగతి వేరు.
గడగడా చదివేది, ఆకురాయి పట్టగానే వంకర.
ఆమె కోసం నోట్సులన్నీ తిరగేశాను,
రెండు రాత్రులు.
వైస్ ఎత్తుగా ఉందని
చివరికి కనిపెట్టింది స్వీపర్ అనసూయమ్మ.
కాళ్లకింద ఒక చెక్క వేసింది,
నా ముందే, ఏమీ అనకుండా.

తనిఖీకొచ్చినాయన
బోధనోపకరణాల గడిలో చదివాడు:
వాషర్లు, రజను, చెక్క ఒకటి.
"వీటికి బిల్లులేవి?"
ఊడ్చి పోసిందానికి బిల్లేమిటని
అనలేక నీళ్లు నమిలాను.

పరీక్ష రోజు
గాజు తలుపు బయట నిలబడ్డాను.
కంప్యూటర్ ముందు కొమురెల్లి,
పెదాలు మెల్లగా కదుపుతూ.
బల్ల కింద బొటనవేలు చూపుడువేలి మీద
ముందుకీ వెనక్కీ జరుగుతోంది,
ఏదో కాగితం నంబరు చూస్తున్నట్టు.

బయటికొచ్చాక ఏమైందని అడిగాను.
చెమట తుడుచుకున్నాడు.
"శాన మాటలు నున్నగైనయి మేడం.
రెండు మూడు
ఇంకా గరుకుగనే ఉన్నయి."