ఒక పన్ను తక్కువ

రెండో గేరుల, మేకల మంద ఎనకాల పోయేటప్పుడు
బండి ఎక్కిళ్లు పెడతది.
కంబాలపల్లి దాటినంక, తారు ఊడిపోయిన కాడ,
సన్నగ యాక్సిలేటరు పట్టుకుంటే చాలు
హిక్కు, హిక్కు.
ఎనక కూసున్న చైన్‌మన్ బాలస్వామి అంటడు:
"ఎవలో యాది చేస్తున్నరు సారూ దీన్ని."

యాది చేస్తున్నోడు హైదరాబాదు పిలగాడు సుహాస్.
ఆదివారం ఆదివారం దేవరకొండకొస్తడు,
బ్యాగుల ల్యాప్‌టాపు, ఒక వైరు, రెండు పవర్‌బ్యాంకులు.
సీటు పీకి, వైరు గుచ్చి, తెర నా దిక్కు తిప్పిండు:
అడ్డం గీతలు, నిలువు గీతలు, గడిగడికీ ఓ అంకె.
ఇంజను ఇన్ని చుట్లు తిరిగితే, చెయ్యి ఇంత తిప్పితే,
పెట్రోలు ఇంత.
"ఇదే సార్ మ్యాపు" అన్నడు.

నవ్వొచ్చింది నాకు.
పందొమ్మిదేండ్లాయె నక్షలతోనే నా బతుకు.
నిజాం కాలంల గొలుసు పట్టుకొని ఎవడో గీసిన గీతకు
ఇయ్యాల అన్నదమ్ములు గొడ్డండ్లు తీస్తరు.
కాగితంల బండ్లబాట ఉంటది,
భూమ్మీద పత్తిచేను ఉంటది.
ఇంజనుకు సుత నక్ష ఉంటదని
నాకెవలు చెప్పిన్రు?

"కంపెనోళ్లు పొగ లెక్కకు భయపడి
కింది గడులల్ల పెట్రోలు పిసినారితనం చేసిన్రు సార్.
నేను నింపుత.
పద్దెనిమిది వేలు. మూడు గుర్రాల బలం ఎక్కువ."
మూడు గుర్రాలు!
ఉన్న ఇరవై నాలుగింటినే
చందంపేట రోడ్డు మీద ఎన్నడూ పూర్తిగ ఇడిచిపెట్టలే.

కానీ తప్పు నక్షను దిద్దొద్దని
నేనెట్లంట?
దిద్దినందుకే కదా నాకు జీతం.
సముద్రపు గాలికి, మంచుకొండకు, మా మే నెల ఎండకు
ఒకటే నక్ష గీసినోడు
డిండి దిక్కు ఎన్నడన్న వచ్చిండా?

కేతావత్ హరిలాల్ నిరుడే ఎక్కిచ్చుకున్నడు. అదే బండి, అదే రంగు.
తాళం అడుక్కొని డిండి కట్ట దాక పోయొచ్చిన.
నిజం చెప్పాలె: మేకల ఎనక వెన్న లెక్క నడిచింది.
ఎనభై దాటినంక నాకేం తేడా తెల్వలే.
తెలిసిందని చెప్పబుద్ధయ్యింది గాని, తెల్వలే.
లీటరుకు మూడు కిలోమీటర్లు తక్కువిస్తదని
హరిలాల్ గొంతు తగ్గిచ్చి చెప్పిండు, ఇంట్ల ఇంటరేమోనని.
వారంటీ సంగతి అడిగితే
చాయ్ తెప్పిచ్చిండు.

రాత్రి టిప్పన్ కాగితం ఎనక లెక్క గీసిన.
నెలకు మూడు లీటర్లు అటిటు, అది పోనీ.
పద్దెనిమిది వేలంటే రెండు టైర్లు, చైను సెట్టు, ఒక మంచి రెయిన్‌కోటు,
ఇంకా మిగులుతయి.
గీసి, మల్ల కొట్టేసిన.
వెన్న లెక్క నడిచింది కదా.

లతీఫ్ భాయ్ షెడ్డుకు తీస్కపోయిన.
కార్బొరేటరు కాలంల చెవి పెట్టి ఇని
స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పి
బండ్లను నిమ్మళం చేసినోడు.
ల్యాప్‌టాపు మాటెత్తితే పక్కకు ఉమ్మిండు గాని తిట్టలే.
గాలి ఫిల్టరు తీసి బండకు కొట్టిండు.
గుంటెడు ఎర్రభూమి రాలింది.
"ఏ సర్వే నంబరు సార్ ఇది?"
థ్రాటిల్ లోపల గుడ్డ పెట్టి తుడిస్తే
కాటుక వచ్చింది.
సగం ఎక్కిళ్లు అక్కడ్నే పోయినయి.

మిగిలిన సగానికి:
"ముందు స్ప్రాకెట్టుకు పదిహేను పండ్లు. పద్నాలుగుది ఏద్దాం.
ఒక పన్ను తగ్గితే బండి తేలికైతది."
రెవెన్యూల ఇన్నేండ్లు తిరిగిన,
పన్ను తగ్గిస్తమన్నోన్ని
ఇదే చూసుడు.
వెయ్యికి యాభై తక్కువ, మజూరితోని.

ఇప్పుడు తొంభై మీద కొంచెం అరుస్తది.
మేకల ఎనక ఎప్పుడన్న ఒక్క ఎక్కిలి వస్తది,
బాలస్వామి ఏమనడు, అలవాటైంది.
సుహాస్ నంబరు ఫోన్ల "మ్యాపు" అని అట్లనే ఉంది,
నిన్న ఒక మిస్డ్ కాల్ సుత.
వచ్చే ఉగాదికి వారంటీ ఒడుస్తది,
అప్పుడు సూద్దాం.
పోలేపల్లి కాడ హద్దురాయి ఒకటి కనపడుతలేదంట,
గొలుసు తీస్కొని పోవాలె.