తొమ్మిదో వరస

మా ఎమ్మెల్యే నీళ్ళ కమిటీ అడిగాడంట.
జాబితాలో ఆయన పేరు
గ్రంథాలయ కమిటీలో పడింది, తొమ్మిదో వరసలో.

పామూరు బస్టాండంతా నవ్వింది.
నేనొక్కణ్ణే నవ్వలేదు.
ముప్పయ్యేళ్ళుగా శాఖా గ్రంథాలయం తాళంచెవి నాది.
కారే కప్పు గురించి, చెదపట్టిన బీరువా గురించి
అర్జీ రాసుకుని, మంచి చొక్కా తొడుక్కుని వెళ్ళాను.

"అది అసెంబ్లీలో ఉండే లైబ్రరీకయ్యా," అన్నాడు పీఏ,
నా అర్జీ తిరగేసి
వెనక ఎవరిదో ఫోన్ నంబరు రాసుకుంటూ.

సాయంత్రం మాలకొండయ్య వచ్చాడు
గోడ పట్టుకుని, వంగిన మోకాళ్ళతో.
బోరునీళ్ళు తాగిన కాళ్ళవి.
పేపర్లో ఆ జాబితా
మొదట్నుంచీ వేలుపెట్టి చదివాడు.
"మరి నీళ్ళది ఎవురికిచ్చారబ్బయా?"

చూపించాను.
గోదారి గట్టు మీదాయన.

"పోన్లే," అన్నాడు,
"నీళ్ళెరిగినోడు."