పచ్చ చీటీ

రువైస్‌ల మా క్యాంపు, పదమూడో నంబరు రూము.
నా ఇనుప బీరువ తలుపుకు లోపలిదిక్కు
పైన కొండగట్టు అంజన్న,
కింద సింధూరం పెట్టుకునే అద్దం.
వేరే జాగ లేక ఇద్దరినీ ఒక్క తలుపుకే అంటిచ్చిన.

దీక్షల ఉన్న. పందొమ్మిదో రోజు.
మెస్సుల ఉల్లిగడ్డ ముట్టలే, మంచం ఉండంగ ఉట్టి బండల మీదనే పన్న.
రూమోల్లంత స్వామీ స్వామీ అంటాంటే
లోపట జానెడు పెరిగిన మాట అబద్ధం గాదు.

నా పని స్కఫోల్డింగు చూసుడు.
క్లాంపు క్లాంపు గుంజి చూడాలె.
బాగుంటె పచ్చ చీటీ, లేకుంటె ఎర్రది,
కింద సంతకం: గుండేటి గంగరాజం.

ఆ పొద్దు పైపు పడితె తోలు ఊడొచ్చే ఎండ.
ఆరో వరుస దాక ఎక్కలే.
కిందికెల్లే తలెత్తి చూసిన.
నిన్న బాగనే ఉండె గద.
పచ్చది కట్టిన.

గుల్ జరీన్ వచ్చిండు, స్వాత్ పఠాను, వెల్డరు.
చీటీ మీద తారీఖు వేలు పెట్టి చదివిండు,
బిస్మిల్లా అని ఎక్కిండు.

ఏం కాలే.
పొద్దుగూకంగ దిగిండు, అంగి మీద ఉప్పు చారలు.
“స్వామీ, పండు తినొచ్చు గదా” అని
నా చేతిల ఖర్జూరం పెట్టిండు.
తిన్న.

రాత్రి బీరువ తెరిస్తె
అంజన్న ఎప్పటిలెక్కనే ఉన్నడు, కోపం లేదు.
కింద ఉన్నోడే, వాడే
నా దిక్కు చూడలే.
తెల్లారి సింధూరం ముంచిన వేలు
నొసటి దాక పోలే.

పఠాను తన దేవుని పేరు తలుసుకున్నడు,
కాలు మాత్రం
నా సంతకం మీద పెట్టిండు.

అందరికన్న ముందు పోయి ఎక్కిన.
ఆరో వరుసల ఒక క్లాంపు
పిలగాని పాలపన్ను లెక్క
చెయ్యి తాకంగనే కదిలింది.

ఎర్రది కట్టిన. పని బందయింది.
“నిన్న పచ్చ గదా?” ఫోర్‌మన్ ఉరికొచ్చిండు.
“నిన్న నేను ఎక్కలే సార్.”
మూడు రోజుల జీతం కోసిండ్రు.
వార్నింగు కాయిదం మీద గూడ
అదే సంతకం పెట్టిన, ఈసారి చదివి.

గుల్ జరీన్ పక్కనే నిలవడి ఇన్నడు.
ఆ సాయంత్రం ఖర్జూరం ఇయ్యలే.
అడిగే మొఖం నాకు లేదు.

దీక్ష ఇంకో ఇరవై రోజులుంది.
స్వామీ అంటె, పేరు పెట్టి పిలువున్రి అంటున్న.
ఇయ్యాల అద్దంల చూసుకుంట బొట్టు పెట్టుకున్న.
జరంత వంకర వచ్చింది.
తుడువలే.